తబ్రేజ్ నుండి కర్నూలు దాకా: ఉదర వైద్యంలో చీనా, యునానీ సంబంధాలు

రాయలసీమలో బత్తాయిని చీనీకాయ అంటారు. పులివెందుల చుట్టుపక్కల ఆ తోటలను చీనీ తోటలనే పిలుస్తారు. జ్వరం తగ్గి, నోరు చేదై, అన్నం సయించని రోగికి మొదట ఇచ్చేది చీనీ రసమే. ఈ పండు పుట్టినిల్లు దక్షిణ చైనా. ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా మన రైతు రోజూ ఆ దేశం పేరు తలుస్తూనే ఉన్నాడు.

ఇది ఒక్క పండుతో ఆగలేదు. కడపలోనో కర్నూలులోనో పాత మూలికల దుకాణానికి వెళ్లి హకీం గారు రాసిచ్చిన చీటీ చూపితే అందులో రేవంద్ చీనీ, చోబ్ చీనీ, కబాబ్ చీనీ, దార్చీనీ వంటి పేర్లు కనబడతాయి. రేవంద్ చీనీని తెలుగువారు రేవల్చిన్ని అన్నారు. చోబ్ చీనీ పరంగిచెక్క అయింది. కబాబ్ చీనీ చలవమిరియాలైంది. ఫారసీలో "చీనా కర్ర" అనే అర్థమిచ్చే దార్చీనీ మన వంటింట్లో దాల్చినచెక్కగా స్థిరపడింది. వీటిలో అన్నీ చైనాలో పండేవి కావు. చలవమిరియాలు జావా ద్వీపం సరుకు. అయినా ఆ సముద్ర మార్గాన వచ్చిన ప్రతి వస్తువుకూ వర్తకులు చీనా పేరే తగిలించారు. ఈ నాలుగింటిలో రేవల్చిన్ని, దాల్చిన ముఖ్యంగా ఉదర వ్యాధులకు వాడే మందులు. మొదటిది మలబద్ధకానికి, కాలేయ దోషాలకు. రెండవది వాయువుకు, మందాగ్నికి.

నేడు మన పట్టణాలలో ఆక్యుపంక్చర్ బోర్డులు కనబడుతున్నాయి. కడుపు ఉబ్బరం, పుల్లటి త్రేన్పులు, మలబద్ధకం వంటి బాధలకు సూదులతో చికిత్స చేస్తామని అంటున్నారు. ఇది మనకు సంబంధం లేని విదేశీ విద్య అని కొందరు తోసిపుచ్చుతారు. ఐదువేల ఏళ్ల విద్య కనుక తప్పకుండా నయమవుతుందని మరికొందరు నమ్ముతారు. ఈ రెండు మాటలూ చరిత్ర ముందు నిలబడవు. ముస్లిం వైద్యులకు, చైనా వైద్యులకు మధ్య సంబంధం వెయ్యేళ్ల నాటిది. ఆ సంబంధం ఎలా సాగిందో తెలుసుకుంటే, ఈనాడు ఈ చికిత్సను ఏ విధంగా చూడాలో కూడా తెలుస్తుంది.

యునానీ వైద్యంలో జీర్ణక్రియ

యునానీ అంటే గ్రీకు దేశానికి చెందినది. గ్రీకు వైద్యుడు జాలీనూస్ గ్రంథాలను బాగ్దాద్‌లో అరబ్బీలోకి అనువదించారు. అబూ బక్ర్ రాజీ (మరణం 925), ఇబ్నె సీనా (980-1037) వంటి మహావైద్యులు వాటిని పరీక్షించి, సరిదిద్ది, విస్తరించారు. వారి దృష్టిలో ఆరోగ్యానికి మూలం హజ్మ్, అంటే జీర్ణక్రియ. అది నాలుగు దశలలో జరుగుతుందని వారు వివరించారు. మొదటి దశ మేదాలో, అంటే జీర్ణాశయంలో, రెండవది జిగర్‌లో, అంటే కాలేయంలో, మూడవది రక్తనాళాలలో, నాలుగవది శరీరంలోని ప్రతి అవయవంలో. మొదటి దశలో లోపం ఉంటే మిగిలిన మూడూ చెడతాయి. కడుపే రోగాలకు నిలయమన్న అరబ్బుల పాత సూక్తి ఈ భావం నుండే ప్రసిద్ధమైంది. దీనిని చాలామంది హదీసుగా చెబుతారు గాని, హారిస్ బిన్ కలదా అనే అరబ్బు వైద్యుని మాటగా పండితులు పేర్కొన్నారు.

జీర్ణశక్తిని సరిచేసే లేహ్యాలకు జవారిష్ అని పేరు. ఈ పదానికి మూలం జీర్ణం చేసేది అనే అర్థంగల ఫారసీ మాట. జవారిష్ కమూనీలో కమూన్ అంటే మన జీలకర్ర. ఇత్రీఫల్ అనే మరో మందు పేరులో వినబడేది మన త్రిఫలమే. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపిన ఈ మందును అరబ్బులు మన దేశం నుండి తీసుకొని, తమ ఉచ్చారణలో పిలుచుకొని, తిరిగి మనకే ఇచ్చారు. అంటే యునానీ వైద్యం ఏనాడూ తలుపులు వేసుకొని కూర్చోలేదు. గ్రీకుల సిద్ధాంతం, హిందూదేశపు కరక్కాయ, చైనా రేవల్చిన్ని ఒకే మందుల పెట్టెలో చేరాయి.

రాజీ వద్దకు వచ్చిన చైనా విద్యార్థి

విద్య కోసం చైనా వరకైనా వెళ్లాలన్న మాట మన సమాజంలో ఎంతో ప్రసిద్ధం. దాని ఉల్లేఖన పరంపర బలహీనమైనదని ముహద్దిసులు తేల్చారు. కొందరు దానిని కల్పితంగానే ఎంచారు. కనుక దానిని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వచనంగా ఉదహరించటంలో జాగ్రత్త అవసరం. అయితే చైనా నుండి విద్య కోసం బాగ్దాద్‌కు వచ్చిన ఒక వ్యక్తి సంగతి మాత్రం చరిత్ర గ్రంథంలో నమోదై ఉంది.

పదవ శతాబ్దం చివర ఇబ్నె నదీమ్ రచించిన ఫిహ్రిస్త్‌లో ఈ ఉదంతం రాజీ మాటలలోనే ఉంది. ఒక చైనా పండితుడు వచ్చి ఆయన వద్ద ఏడాది పాటు ఉన్నాడు. ఐదు నెలలలోనే అరబ్బీ మాట్లాడటం, రాయటం నేర్చుకున్నాడు. తిరిగి వెళ్లే ముందు జాలీనూస్ పదహారు గ్రంథాలను తనకు చదివి వినిపించమని కోరాడు. ఉన్న కొద్ది సమయంలో అది సాధ్యం కాదని రాజీ అన్నారు. మీరు వీలైనంత వేగంగా చదవండి, నేను అంతకన్న వేగంగా రాసుకుంటానని ఆ విద్యార్థి బదులిచ్చాడు. అనుమానంతోనే చదవటం మొదలుపెట్టారు. తర్వాత పోల్చి చూస్తే అతను రాసుకున్నది పొల్లుపోలేదు. చైనాలో వేగంగా రాయడానికి ఒక ప్రత్యేక లిపి ఉందని అప్పుడు తెలిసింది. ఆ విద్యార్థి పేరు గ్రంథంలో లేదు. అతను తీసుకుపోయిన రాతప్రతి ఏమైందో చరిత్ర చెప్పదు. కాని వైద్య విద్య ఎటునుండి ఎటైనా ప్రవహించగలదని ఆ ఇద్దరికీ తెలుసు.

చైనా వైద్యులు కడుపును గురించి ఏమన్నారు?

చైనా వైద్యానికి పునాది గ్రంథం పసుపు చక్రవర్తి పేరిట ఉన్న సంకలనం. అది క్రీస్తుకు పూర్వం ఒకటి, రెండు శతాబ్దాల నాటికి రూపుదిద్దుకున్నది. శరీరంలో "చీ" అనే ప్రాణశక్తి పన్నెండు ప్రధాన మార్గాలలో తిరుగుతుందని, ఆ ప్రవాహం అడ్డుపడితే రోగం వస్తుందని ఆ శాస్త్రం చెబుతుంది. జీర్ణాశయ మార్గం కంటి కింద మొదలై, ఛాతీ, పొట్ట మీదుగా దిగి, కాలి రెండవ వేలి వద్ద ముగుస్తుంది. అందుకే కడుపు నొప్పికి వారు మోకాలి కింద సూది గుచ్చుతారు. మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కిందుగా, ఎముకకు బయటి వైపున ఉండే ఆ స్థానాన్ని జూసాన్లీ అంటారు. వాంతులకు, వికారానికి ముంజేతి లోపలి వైపు, మణికట్టు ముడతకు మూడు వేళ్ల పైన రెండు స్నాయువుల మధ్య ఉండే నేయ్‌గ్వాన్ అనే స్థానం ప్రసిద్ధం.

మనం ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఐదువేల ఏళ్ల లెక్క చరిత్ర కాదు. మావాంగ్‌దుయ్ అనే చోట క్రీ.పూ. 168లో మూసిన సమాధిలో దొరికిన వైద్య పత్రాలలో ఈ మార్గాల వర్ణన ఉంది గాని, సూదుల ప్రస్తావన లేదు. అక్కడ చెప్పిన చికిత్స ఎండుటాకుల ముద్దను కాల్చి వేడి తగిలించటం. సూది ఆ తర్వాత ప్రాధాన్యం పొందింది.

ఉదర వైద్యంలో చైనావారి గొప్ప పరిశీలన సూదుల విషయంలో కాక, ఆకలి విషయంలో కనబడుతుంది. 1232లో మంగోలు సైన్యాలు కైఫెంగ్ నగరాన్ని ముట్టడించాయి. ముట్టడి సడలిన తర్వాత రోగాలు ప్రబలి నగరంలో లక్షలమంది మరణించారు. లీ గావ్ (1180-1251) అనే వైద్యుడు ఆ విపత్తును కళ్లారా చూశాడు. అది చలి వల్ల, బయటి విషవాయువుల వల్ల వచ్చిన జ్వరమని తోటి వైద్యులు ఘాటైన విరేచనపు మందులు ఇస్తున్నారు. రోగులు ఇంకా త్వరగా పోతున్నారు. నెలల తరబడి ఆకలి, భయం, అలసటలతో జీర్ణాశయమే శిథిలమైందని, దానిని ముందు పోషించాలి గాని విరేచనాలతో ఇంకా దెబ్బ తీయరాదని లీ గావ్ వాదించాడు. 1249లో రాసిన ప్లీహ-జీర్ణాశయ గ్రంథం ఆ అనుభవ సారం. చైనా వైద్యంలో నేటికీ ఉదర చికిత్సకు అది మూల గ్రంథాలలో ఒకటి.

తబ్రేజ్‌లో అనువాదం

కైఫెంగ్‌ను కూల్చిన మంగోలులే 1258లో (హిజ్రీ 656) బాగ్దాద్‌ను నాశనం చేశారు. ఆ గాయం ముస్లిం చరిత్రలో ఇంకా మానలేదు. అయితే రెండు తరాలు తిరగకుండానే ఆ మంగోలు వంశీయులు ఇరాన్‌లో ఇస్లాం స్వీకరించారు. చైనా నుండి ఇరాన్ వరకు మార్గాలు ఒకే వంశం చేతిలోకి వచ్చాయి. ఆ మార్గాలలో వైద్యులూ ప్రయాణించారు.

తబ్రేజ్‌లో గాజాన్, ఉల్జైతూ సుల్తానుల వజీరుగా ఉన్న రషీదుద్దీన్ స్వయంగా వైద్యుడు. అందుకే ఆయనను రషీదుద్దీన్ తబీబ్ అంటారు. ప్రపంచ చరిత్రను ఒకచోట చేర్చిన జామివుత్తవారీఖ్ గ్రంథకర్త కూడా ఆయనే. నగరం వెలుపల ఆయన రబె రషీదీ అనే విద్యాకేంద్రాన్ని వక్ఫ్ ఆస్తులతో నిర్మించారు. మస్జిద్, గ్రంథాలయం, ఆసుపత్రి అక్కడ వెలిశాయి. హిందూదేశం, చైనా, ఈజిప్టు, సిరియాల నుండి వైద్యులు వచ్చారు.

ఆయన ఒక యువ పండితునికి చైనా భాష నేర్పించి, చైనా వైద్యుల సహాయంతో వారి గ్రంథాలను ఫారసీలోకి అనువదింపజేశారు. ఆ సంకలనమే తన్సూఖ్ నామా. నాడీ పరీక్ష, సూదులు-వాతలు, మూలికలు, రాజ్యపాలన విషయాలపై నాలుగు గ్రంథాలను అనువదించగా, నాడీ గ్రంథం మాత్రమే మనకు మిగిలింది. 1313 నాటి (హిజ్రీ 713) ఆ రాతప్రతి ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉంది. అందులో చైనా పద్ధతిలో గీసిన శరీరాంతర్భాగాల చిత్రాలు ఉన్నాయి. సూదుల గ్రంథం కాలగర్భంలో కలిసిపోయింది.

ఈ పనిలో ఒక ధైర్యం ఉంది. ఇబ్నె సీనా నాడిని పది లక్షణాలతో పరీక్షించమన్నారు. దాని పరిమాణం, బలం, వేగం, మృదుత్వం, లయ వంటివి అందులో ఉన్నాయి. చైనా వైద్యుడు అలా కాక, ప్రతి మణికట్టుపై మూడు స్థానాలు గుర్తించి, ఒక్కొక్క స్థానంలో ఒక్కొక్క అవయవాన్ని చదువుతాడు. కుడి మణికట్టు నడిమి స్థానంలో జీర్ణాశయం, ఎడమ నడిమి స్థానంలో కాలేయం. ఈ రెండు పద్ధతులు ఒకదానితో ఒకటి పొసగవు. అయినా రషీదుద్దీన్ అవహేళన చేయలేదు, తలవంచి అంగీకరించనూ లేదు. ఒక జాతి విద్యను దాని భాషలో చదవకుండా కాదనే హక్కు మనకు లేదన్నది ఆయన వైఖరి. ముందు అనువదించాలి, తర్వాత తూచాలి.

ఆ మహనీయుని అంతం విషాదకరం. 1316లో ఉల్జైతూ ఉదర వ్యాధితో మరణించాడు. విరేచనపు మందు ఇప్పించి సుల్తాన్ మరణానికి కారకుడయ్యాడని శత్రువులు రషీదుద్దీన్‌పై ఆరోపణ తెచ్చారు. 1318లో (హిజ్రీ 718) డెబ్బై ఏళ్లు దాటినవాడని కూడా చూడకుండా ఆయనను వధించారు. ఆయన కళ్లెదుటే ఆయన చిన్న కుమారుడిని చంపారు. రబె రషీదీని దోచుకున్నారు. కడుపు వ్యాధికి ఇచ్చిన ఒక మందు, సరైనదో కాదో తేల్చే పద్ధతి లేని కాలంలో, ఒక జ్ఞానకేంద్రాన్నే కూల్చడానికి సాకు అయింది. ఔషధాన్ని పరీక్షించే నిష్పాక్షికమైన విధానం ఎందుకు అవసరమో ఇంతకన్న వేరే నిదర్శనం అక్కరలేదు.

ఈ విద్య ఒకే దిశలో సాగలేదు. చైనాలో యువాన్ చక్రవర్తుల పాలనలో (1271-1368) ముస్లిం వైద్యుల కోసం ప్రత్యేక కార్యాలయం ఉండేది. వారి ఔషధ గ్రంథం హుయ్ హుయ్ యావ్ ఫాంగ్ ముప్పై ఆరు సంపుటాలలో నాలుగు మిగిలాయి. చైనా అక్షరాల మధ్య మందుల పేర్లు అరబ్బీ లిపిలో కనబడతాయి. అఫ్ఘాన్, ఇరాన్ కొండలలో దొరికే ఇంగువ అటు చైనా మందుల పెట్టెలోకీ, ఇటు రాయలసీమ పోపు డబ్బాలోకీ చేరింది.

రాయలసీమలో కడుపు కథ

ఇక మన ప్రాంతానికి వద్దాం. వైద్య చరిత్ర అంటే గ్రంథాల చరిత్ర మాత్రమే కాదు, రోగుల చరిత్ర కూడా. కర్నూలు, కడప జిల్లాలలో ఉదర వ్యాధుల చరిత్రకు మొదటి అధ్యాయం కరువు. 1866 నాటి కరువును జనం డొక్కల కరువు అన్నారు. శరీరంలో ఏ భాగం ముందు శిక్ష అనుభవించిందో ఆ పేరే చెబుతుంది. ఆ సమయంలో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోసి బ్రతికించారు.

పదేళ్లకు 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా పెరగవలసింది పోయి బాగా తగ్గిపోయింది. కరువు పనులలో కూలికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం చాలునని 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. కష్టపడి పనిచేసే మనిషి దానితో బ్రతకలేడని మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. శిబిరాలలో జనం ఆకలితోనే కాక ఆగని విరేచనాలతో చనిపోయారు. అలెగ్జాండర్ పోర్టర్ అనే వైద్యుడు మద్రాసులో ఆ మృతుల శరీరాలను కోసి పరీక్షించి, 1889లో గ్రంథం ప్రచురించాడు. దీర్ఘమైన ఆకలితో చిన్న ప్రేగుల గోడలు పలుచబడి, లోపలి పొర క్షీణించిపోయిందని ఆయన గమనించాడు. అన్నం దొరికిన రోజున కూడా ఆ ప్రేగులకు దానిని అరిగించుకొనే శక్తి లేదు.

కైఫెంగ్‌లో లీ గావ్ ఊహించినది సరిగ్గా ఇదే. ఆరున్నర శతాబ్దాల తర్వాత మద్రాసులో కత్తి కింద అది రుజువైంది. ఆకలి జీర్ణాశయాన్నే తినివేస్తుంది. అలాంటి రోగికి సూది కాదు, జవారిష్ కాదు, ముందుగా పలుచని గంజి కావాలి. అదీ కొద్ది కొద్దిగా. బుడ్డా వెంగళరెడ్డి వైద్యుడు కాకపోయినా ఆయన పోసినది సరైన మందే.

పరీక్షకు నిలిచిన దేశీయ వైద్యాలు

ఆ రోజుల్లో ఈ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండేవి. ఇంగ్లీషు వైద్యం ప్రభుత్వ ఆదరణ పొందగా, హకీములు, వైద్యులు అనాగరికులుగా లెక్కకు వచ్చారు. ఈ స్థితిలో దేశీయ వైద్యాల విలువను విచారించడానికి 1921లో మద్రాసు ప్రభుత్వం మొహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ పద్ధతుల వారి అభిప్రాయాలు సేకరించి ఆ సంఘం 1923లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల ప్రారంభమైంది. అక్కడ మూడు విద్యలతో పాటు ఆధునిక శరీర శాస్త్రాన్ని కూడా బోధించారు.

ఇదే కాలంలో చైనాలోనూ ఇదే వివాదం నడిచింది. 1822లోనే అక్కడి చక్రవర్తి రాజవైద్య శాల నుండి సూది చికిత్సను తొలగించాడు. 1929లో పాత వైద్యాన్ని క్రమంగా రద్దు చేయాలని ప్రభుత్వ ఆరోగ్య సంఘం తీర్మానించగా, వైద్యులు షాంఘైలో సమావేశమై ప్రతిఘటించారు. 1950ల తర్వాతనే కమ్యూనిస్టు ప్రభుత్వం దానికి మళ్లీ పెద్దపీట వేసింది. చైనావారు తమ విద్యను నిరంతరాయంగా నెత్తిన పెట్టుకున్నారనుకోవటం పొరపాటు.

మన కర్నూలులో అరబ్బీ విద్వాంసులు డాక్టర్ అబ్దుల్ హఖ్ కృషితో 1947లో ఉస్మానియా కళాశాల వెలిసింది. ఆయన పేరుమీదనే యునానీ వైద్య కళాశాల ఈ పట్టణంలో నెలకొన్నది. 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. ఇబ్నె సీనా చెప్పిన నాలుగు హజ్మ్‌లను ఆధునిక శరీర శాస్త్రంతో కలిపి చదివే విద్యార్థులు తుంగభద్ర ఒడ్డున ఉన్నారంటే, ఉస్మాన్ సంఘం వేసిన బాట ఇక్కడి దాకా వచ్చిందన్న మాట.

సూది తిరిగి వచ్చిన దారి

1938లో భారత జాతీయ కాంగ్రెస్ చైనాకు ఐదుగురు వైద్యులను పంపింది. అక్కడే 1942లో అమరుడైన డాక్టర్ కోట్నిస్ పేరు అందరికీ తెలుసు. ఆయన సహచరుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొని, కలకత్తాలో దానిని ప్రారంభించారు. మన దేశంలో ఈ చికిత్సకు అది ఆరంభం. అదే దశాబ్దాలలో కరాచీ హమ్‌దర్ద్ సంస్థాపకులు హకీం మొహమ్మద్ సయీద్ చైనా పర్యటించి అక్కడి వైద్యంపై గ్రంథం రచించారు. రషీదుద్దీన్ సంప్రదాయాన్ని ఒక యునానీ హకీం తిరిగి చేపట్టారనవచ్చు.

ప్రపంచమంతటికీ ఈ విద్య తెలిసింది మాత్రం ఒక కడుపు బాధ వల్లనే. 1971 జూలైలో అమెరికా పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్‌కు పెకింగ్‌లో అపెండిసైటిస్ వచ్చింది. శస్త్రచికిత్స మామూలు మత్తుమందుతోనే జరిగింది. తర్వాత కడుపు ఉబ్బరంతో బాధపడుతుంటే మోచేతి వద్ద, మోకాళ్ల కింద సూదులు గుచ్చి, పొట్ట దగ్గర మూలికల సెగ చూపారు. గంటలో ఉపశమనం కలిగిందని ఆయన తన పత్రికలో రాశాడు. ఆ వ్యాసం తర్వాత, సూదులతోనే మత్తు ఇచ్చి కోశారనే పుకారు లోకమంతా పాకింది. అది నిజం కాదు. భారత ప్రభుత్వం 2003లో ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా విధానంగా గుర్తించింది.

ఇక పరీక్షలు ఏం తేల్చాయి? శస్త్రచికిత్స తర్వాత వచ్చే వికారం, వాంతులకు మణికట్టు స్థానంలో సూది గాని, ఒత్తిడి గాని ఉపయోగపడుతుందని అనేక పరిశీలనలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. కాని తరచు కడుపు నొప్పి, విరేచనం, మలబద్ధకం మార్చి మార్చి బాధించే పేగుల వ్యాధి విషయంలో, నిజమైన సూదులకు, ఉత్తుత్తి సూదులకు మధ్య తేడా కనబడలేదని 2012 నాటి సమీక్ష తెలిపింది. కడుపులో పుండ్లు చాలావరకు ఒక సూక్ష్మజీవి వల్ల వస్తాయని 1980లలో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ నిరూపించారు. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఆ క్రిమిని సూది చంపలేదు. దానికి తగిన మందుల కోర్సు ఉన్నది.

మూలికలన్నీ నిరపాయమనే నమ్మకం కూడా తప్పు. యునానీలో జరావంద్ అనీ, తెలుగులో గాడిదగడపాకు అనీ పిలిచే జాతి మొక్కలలోని ఆమ్లం మూత్రపిండాలను నాశనం చేస్తుందని, క్యాన్సర్ కలిగిస్తుందని 1990ల నుండి రుజువైంది. బెల్జియంలో చైనా మూలికలు కలిపిన మందులు వాడినవారిలో ఈ ప్రమాదం మొదట బయటపడింది. మన నల్లరేగడి చేలలో ఆ మొక్క కలుపుగా పెరుగుతుంది. పిల్లల కడుపులో పురుగులకని వాడేవారూ ఉన్నారు. పిల్లల పొట్ట ఉబ్బితే వాతలు పెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. చైనావారి సెగ చికిత్సలో చర్మం కాలకుండా జాగ్రత్తపడతారు. మన వాత చర్మాన్ని కాల్చి, పుండు చేసి, అసలు రోగానికి ఆసుపత్రికి వెళ్లవలసిన సమయాన్ని హరిస్తుంది.

మనం నేర్చుకోవలసినది

వాతలను గురించి ప్రవక్త (స) అయిష్టత వ్యక్తం చేసిన సంగతి హదీసు గ్రంథాలలో ఉన్నది. కడుపు చెడిన తన సోదరుని గురించి ఒకాయన ఫిర్యాదు చేయగా తేనె తాగించమని, తగ్గలేదంటే మళ్లీ తాగించమని ఆదేశించిన ఉదంతమూ ఉన్నది. ఇబ్నె ఖయ్యిమ్ (మరణం 1350) దీనిని వివరిస్తూ, మందు రోగానికి తగిన మోతాదులో ఉండాలనే పాఠం అందులో ఉందన్నారు. ఇబ్నె ఖల్దూన్ (మరణం 1406) మరో మాట అన్నారు. ప్రవక్త (స) ధర్మాన్ని బోధించటానికి వచ్చారు గాని వైద్య శాస్త్రం బోధించటానికి కాదు. ఆ నాటి అరబ్బుల వైద్యం వారి అనుభవం నుండి వచ్చినదని. ఈ ఇద్దరి మధ్య భేదం ఉన్నా, రోగిని గమనించకుండా మందు ఇవ్వవచ్చునని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

కనుక పాఠకులకు మనవి చేసేది ఇంతే. తరచు కడుపు ఉబ్బరం, వికారం ఉంటే, రోగ నిర్ధారణ జరిగిన తర్వాత, అర్హత గల వైద్యుని వద్ద, ఒకసారి వాడి పారవేసే సూదులతో ఆక్యుపంక్చర్ చేయించుకోవడంలో ధర్మ విరుద్ధమూ లేదు, మన సంప్రదాయానికి పరాయితనమూ లేదు. కాని మలంలో రక్తం, నల్లని విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గటం, ముద్ద మింగుడు పడకపోవటం, కళ్లు పచ్చబడటం, పసిపిల్లలకు ఆగని విరేచనాలు కనబడితే సూదికీ, లేహ్యానికీ, వాతకూ సమయం లేదు. కర్నూలు, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు అందుకే ఉన్నాయి. దారిలో పిల్లవానికి ఉప్పు, పంచదార కలిపిన నీరు కొద్దికొద్దిగా పడుతూ వెళ్లాలి.

రషీదుద్దీన్ అనువదింపజేసిన సూదుల గ్రంథం మనకు దక్కలేదు. ఆయన పాటించిన పద్ధతి మాత్రం దక్కింది. పరాయిదని తోసివేయకుండా చదవటం, పాతదని తలకెత్తుకోకుండా తూచటం, రోగి మేలును అన్నిటికన్న ముందు ఉంచటం ఆ పద్ధతి. చీనీ రసం చేతికందించే మన ఇళ్లలో ఈ మాత్రం వివేకం అలవడితే, తబ్రేజ్‌లో కూలిపోయిన ఆ విద్యాలయపు ఒక రాయి మన కర్నూలులో తిరిగి నిలిచినట్లే.